మూడో డోసు వేయించుకోకుండా నెగ్గుకురావడం ఎలా?

కరోనా టీకా రెండు డోసులు వేయించుకున్నారు. సంతోషం. ఇక మూడోది ఎగ్గొట్టాలి. ఊరికే ఎగ్గొడితే ఇంట్లోవాళ్లు బద్ధకస్తుడంటారు. వేయించుకోవాలని ఎంతో తిరిగాడు పాపం, రూల్స్ పడనివ్వలేదు అని నలుగురూ అనుకునేలా ఎగ్గొట్టాలి. అందుకు కావలసిన సరుకంతా మన చేతిలోనే ఉంది. 2022 జనవరి నుంచి ఏడాది తిరిగేలోగా ఎవరికి వేయాలో, ఎన్ని నెలలకు వేయాలో, ఎక్కడ వేయాలో, డబ్బులకో ఉచితంగానో, ఏ కంపెనీదో అన్నీ మారాయి. మారిన ప్రతి రూలూ ఒక సాకు. కింద చెప్పినవి ఓపిగ్గా పాటించండి. ఏ సూదీ మీ జోలికి రాదు.

1. అర్హతను వాడకండి, దాచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అర్హత పెళ్లినాటి పట్టుచీర లాంటిది, బీరువాలో ఉన్నంతకాలమే దాని మెరుగు. డోసు పడిన రోజుతో అర్హత ఖర్చయిపోతుంది. నమ్మకం కుదరకపోతే ముక్కులో వేసే చుక్కల టీకా సంగతి చూడండి. భారత్ బయోటెక్ వాళ్ల ఇన్‌కోవాక్‌ను 2023 జనవరి 26న విడుదల చేశారు. ప్రికాషన్ డోసు, అంటే ఈ మూడో డోసు, అప్పటికే వేయించుకున్నవాళ్లకు అది అక్కర్లేదన్నారు. తొందరపడి భుజం చూపించినవాళ్లకు ఆ అవకాశం పోయింది. మీరు మాత్రం ఇంకా అర్హులే. రేపు వచ్చేదానికీ అర్హులే.

2. ఉన్న రూలు వదిలేసి, రాబోయే రూలు కోసం ఆగండి.

మూడో డోసు 2022 జనవరి 10న మొదలైనప్పుడు ఆరోగ్య సిబ్బందికి, ఫ్రంట్‌లైన్ వాళ్లకు, అరవై దాటి వేరే జబ్బులున్నవాళ్లకు మాత్రమే ఇచ్చారు. అప్పుడు "అందరికీ రానీ, చూద్దాం" అనాలి. ఏప్రిల్ 10 నుంచి పద్దెనిమిది దాటిన అందరికీ ప్రైవేటులో, డబ్బులకు. అప్పుడు "ఉచితంగా ఇవ్వకపోతారా" అనాలి. జులై 6న రెండో డోసుకూ మూడోదానికీ మధ్య తొమ్మిది నెలల ఎడం కాస్తా ఆరు నెలలైంది. అప్పుడు "తొమ్మిది ఆరైతే, ఆరు మూడు కాదా" అనాలి.

ధర దగ్గరా ఇదే సూత్రం. ప్రైవేటు ఆస్పత్రులకు కొవిషీల్డ్ 600, కొవాగ్జిన్ 1200 ఉండేవి. అందరికీ మొదలుపెట్టడానికి సరిగ్గా ముందురోజు రెండూ 225 రూపాయలకు దిగాయి. పైన ఆస్పత్రివాళ్ల సేవారుసుం 150కి మించకూడదన్నారు. ఒక్కరోజు ఆగితేనే 1200ది 225 అయితే, నెల ఆగితే ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఈలోగా ఆ 375 రూపాయలు ఖాళీగా ఉంచకండి. జింకు బిళ్లలు, విటమిన్ సి, కషాయం పొడి కొనండి. అవి కొనడానికి స్లాట్ అక్కర్లేదు.

3. ఉచితం ప్రకటిస్తే పంచాంగం తీయండి.

2022 జులై 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా సర్కారు కేంద్రాల్లో పద్దెనిమిది దాటిన అందరికీ ఉచితమన్నారు. రెండున్నర నెలలు. ఇన్ని రోజులు తప్పించుకోవడం కష్టమని చాలామంది భయపడతారు. భయపడకండి, మన పెద్దలు మనకు పంచాంగం ఊరికే ఇచ్చిపోలేదు.

మొదటి రెండు వారాలు ఆషాఢం. ఆషాఢంలో మంచి పని మొదలుపెట్టరు. పైగా అప్పుడే గోదావరి పొంగి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. మీరు కూకట్‌పల్లిలో ఉన్నా సరే, "ఈ వరదల్లో ఎక్కడికెళ్తాం" అనండి. ఆదివారాలు బోనాలు. తర్వాత శ్రావణం. వరలక్ష్మీ వ్రతానికి ముందు సూది వేయించుకుంటే జ్వరమొస్తుంది, పూర్ణాలు ఎవరు వండుతారు? వ్రతం తర్వాతైతే పెళ్లిళ్లు. ఆగస్టు 31న వినాయక చవితి, నిమజ్జనం దాకా పందిరి దగ్గర మీరు లేకపోతే లౌడ్‌స్పీకర్ ఎవరు చూసుకుంటారు? సెప్టెంబర్ 11 నుంచి పితృపక్షాలు, ఆ రోజులు మంచివి కావు. అవి దాటగానే బతుకమ్మ, దసరా నవరాత్రులు. చివరి రోజు సెప్టెంబర్ 30 శుక్రవారం. శుక్రవారం పూట ఒంట్లోంచి నెత్తురు చూస్తారా ఎక్కడైనా?

అక్టోబర్ 1 ఉదయం నిద్ర లేవగానే గట్టిగా అనండి: "ఉచితం తీసేశారు. పేదవాడు ఎక్కడికి పోవాలి?"

4. ప్రతి దగ్గునూ కరోనాగా లెక్క వేసుకోండి.

ఇది చాలామందికి తట్టని కిటుకు. కరోనా వచ్చి తగ్గినవాళ్లు మూడు నెలల తర్వాతే డోసు వేయించుకోవాలని 2022 జనవరిలో చెప్పారు. అంటే ఒక కరోనాకు మూడు నెలల సెలవు. కాబట్టి గొంతు గరగరలాడిన ప్రతిసారీ "మళ్లీ వచ్చింది" అనండి. పరీక్ష మాత్రం చేయించుకోవద్దు. నెగెటివ్ వస్తే సెలవు రద్దవుతుంది. ఏడాదికి నాలుగు జలుబులు చాలు, పన్నెండు నెలలూ గడిచిపోతాయి. మనిషన్నాక ఏడాదికి నాలుగు జలుబులు రాకుండా ఉంటాయా? పంకా కింద తల ఆరబెట్టుకోకుండా పడుకోండి, మజ్జిగలో ఐసు వేసుకోండి, వాటంతటవే వస్తాయి.

5. కోవిన్ టీకా పోర్టల్లో మీరెవరో మీకే దొరక్కుండా చేసుకోండి.

మొదటి డోసుకు ఆధార్, రెండో డోసుకు పాన్ కార్డు ఇచ్చి ఉండాలి. ఫోన్ నంబర్ కూడా ఒకసారి మీది, ఒకసారి బావమరిదిది. ఇలా చేసి ఉంటే కోవిన్ లెక్కలో ఒక్క డోసే వేయించుకున్న మనుషులు ఇద్దరు తయారవుతారు. రెండు డోసులైనవాడు ఎవడూ ఉండడు. రెండోది లేనివాడికి మూడోది ఇవ్వనంటుంది మిషను. ఇంత శుభ్రమైన తిరస్కారం ఏ ఆఫీసర్ కాళ్లు పట్టుకున్నా దొరకదు. ఇలాంటి రెండు సర్టిఫికెట్లను ఒకటిగా కలిపే సదుపాయం ఆ పోర్టల్లోనే పెట్టారు. అటువైపు చూడకండి.

బావమరిది ఫోన్‌కు ఓటీపీ వచ్చే వేళ కూడా చూసుకోవాలి. అతను బండి మీద ఉన్నప్పుడు, లేదా నిద్రపోతున్నప్పుడు పంపించండి. అతను బండి పక్కకు ఆపి, హెల్మెట్ తీసి, కళ్లజోడు వెతుక్కుని ఆరంకెలు చదివేలోగా గడువు అయిపోతుంది. "మళ్లీ పంపు" అంటాడు. "సర్వర్ డౌన్" అని చెప్పి ఫోన్ పెట్టేయండి.

6. సీసా తెరవనివ్వకండి.

కేంద్రానికి అసలు వెళ్లకుండా ఉంటే అనుమానమొస్తుంది. ఒకసారి వెళ్లిరండి, కాకపోతే వేళ చూసుకుని వెళ్లండి. కొవిషీల్డ్ ఒక్కో సీసాలో పది డోసులుంటాయి. తెరిచాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి. అందుకే బస్తీ దవాఖానాలో టీకాలు వేసే ఏఎన్ఎం నీలం డబ్బా మూత తీసే ముందు బెంచీల మీద ఎంతమంది ఉన్నారో తలలు లెక్క పెట్టుకుంటుంది. తెరిస్తే సీసా మీద పెన్నుతో టైము రాసుకుంటుంది. మిగిలిందంతా పారబోయాలి, పై వాళ్లకు లెక్క చెప్పాలి. ఆమె కష్టం మనకు కలిసొస్తుంది.

మధ్యాహ్నం మూడున్నరకు, ఒంటరిగా వెళ్లండి. ఇంట్లో అయిదుగురు బాకీ ఉన్నా అయిదుగురినీ కలిపి తీసుకెళ్లకండి, సగం సీసా అక్కడే అయిపోతుంది. "మీరొక్కరే ఉన్నారన్నా, ఇంకో తొమ్మిది మంది కావాలి, నంబర్ ఇచ్చి వెళ్లండి, పిలుస్తాం" అంటుంది. చివరి అంకె మార్చి ఇవ్వండి. రెండు రోజుల తర్వాత పదిమంది కుదిరి ఆమె ఫోన్ చేస్తుంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు తిడతాడు. మీరు ఇంట్లో కూర్చుని, "నంబర్ తీసుకున్నారు, ఒక్కళ్లు పిలిస్తే ఒట్టు" అని నిజాయితీగా చెప్పుకోవచ్చు.

7. లేనిది అడగండి.

2022 ఆగస్టు దాకా మొదటి రెండు డోసులు ఏదైతే మూడోదీ అదే. కొవాగ్జిన్ వాళ్లు కొవిషీల్డ్ ఉన్న చోటికి, కొవిషీల్డ్ వాళ్లు కొవాగ్జిన్ ఉన్న చోటికి వెళ్లి తిరిగి వస్తే సరిపోయేది. ఆగస్టులో మన హైదరాబాద్ బయొలాజికల్-ఇ వాళ్ల కార్బెవాక్స్‌ను పద్దెనిమిది దాటిన కొవిషీల్డ్, కొవాగ్జిన్ వాళ్లెవరికైనా మూడో డోసుగా ఇవ్వొచ్చన్నారు. అప్పుడు కొంచెం ఇబ్బందైంది. "రెండు డోసులు ఒకటి, మూడోది ఇంకోటి, కడుపులో కలిస్తే ఏమవుతుందో" అని అనుమానం వెలిబుచ్చి నెట్టుకొచ్చారు తెలివైనవాళ్లు. ముక్కు చుక్కలు వచ్చాక దారి సులువైంది. అవి అప్పట్లో ప్రైవేటులో ఎనిమిది వందలు, పైన పన్ను. కాబట్టి బస్తీ దవాఖానాకు వెళ్లి చుక్కలే కావాలనండి. కార్పొరేట్ ఆస్పత్రికి వెళ్లి ఉచితంగా కావాలనండి.

8. టీవీలో చైనా కనిపించిన రోజునే పరుగెత్తండి.

ఎవరూ రాక డబ్బాలు నిండుగా ఉన్న రోజుల్లో వెళ్తే ఇరుక్కుపోతారు. 2022 డిసెంబర్‌లో కరోనా రోగులతో నిండిన చైనా ఆస్పత్రులు చూపించగానే అందరూ లేచారు, చాలాచోట్ల సరుకు నిండుకుంది. తెలంగాణ సర్కారు కేంద్రాల్లో మళ్లీ 2023 ఏప్రిల్‌లో కార్బెవాక్స్ మొదలైంది. మధ్యలో ఉన్నవి బంగారం లాంటి నెలలు. "నో స్టాక్" బోర్డు పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుని కుటుంబం గ్రూపులో పెట్టండి. ఆ ఫొటో మూడేళ్లు పనికొస్తుంది. బోర్డు తీసేశాక మాత్రం ఆ వీధిలోంచి వెళ్లకండి.

9. తలుపు కొడితే పిల్లల్ని పంపండి.

2022 జూన్, జులైల్లో ఇంటింటికీ తిరిగే టీకా కార్యక్రమం రెండో విడత నడిపారు. ఆశా కార్యకర్త ఎండలో మూడంతస్తులు ఎక్కి వస్తుంది. "నాన్న ఊరెళ్లాడు" అని చిన్నవాడితో చెప్పించండి. వాడు "నాన్నే చెప్పమన్నాడు" అనకుండా రెండుసార్లు రిహార్సల్ చేయించండి. చెప్పులు గుమ్మం బయట వదలకండి.

10. ముసలివాళ్ల విషయంలో పట్టు సడలించకండి.

మొత్తం పథకం ఇక్కడే చెడుతుంది, శ్రద్ధగా వినండి. అరవై దాటిన షుగరు, బీపీ మనుషులకు మొదటి నుంచీ దారి తెరిచే ఉంది. డాక్టర్ సర్టిఫికెట్ కూడా చూపించనక్కర్లేదన్నారు. 2022 మార్చి 16 నుంచి జబ్బు ఉండాలన్న షరతు కూడా తీసేశారు. అంటే మామగారిని ఆపడానికి రూలు ఏదీ సాయపడదు, మీరే కష్టపడాలి. "సర్టిఫికెట్ తెస్తేనే వేస్తారట" అని చెప్పి, ఫ్యామిలీ డాక్టర్ సెలవులో ఉన్న వారం చూసి పంపండి. ఆయన ఒట్టి చేతులతో తిరిగొచ్చి అలసిపోతారు. అత్తగారికైతే "మీరు గుమ్మం దాటరు కదా, మీకెందుకత్తయ్యా" అంటే చాలు, మురిసిపోతారు. మీరు మాత్రం పెళ్లిళ్లకీ, సినిమాలకీ, సంతకీ వెళ్లి వచ్చి ఆవిడ పక్కనే కూర్చుని కబుర్లు చెప్పండి. పెద్దవాళ్లకు తోడు ముఖ్యం.

11. ఆస్పత్రి రోజుకు సిద్ధంగా ఉండండి.

ఇన్ని పాటించాక ఆ రోజు వచ్చి తీరుతుంది. మీరు కంగారు పడకూడదు. క్యాజువాల్టీలో అత్తగారి వేలికి క్లిప్పు పెట్టి చూస్తారు, అంకె తొంభై కింద ఉంటుంది. నర్సు కాగితం మీద రాసుకుంటూ "ఎన్ని డోసులు?" అంటుంది. "రెండూ అయ్యాయి" అని గట్టిగా చెప్పండి. "చివరిది ఎప్పుడు?" అంటే తేదీ చెప్పకండి, "మొన్నామధ్యే" అనండి. "మూడోది?" అనగానే ఫోన్ తీసి "నో స్టాక్" బోర్డు ఫొటో చూపించండి. ఆమె రాయడం ఆపి మీ మొహం చూస్తుంది. ఇంకో ఫొటో కూడా చూపించండి.

పడక దొరికేలోగా రెండు డోసుల సర్టిఫికెట్లు ఆరు జిరాక్సులు తీయించి ఫైల్లో పెట్టుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతారు. ఆక్సిజన్ సిలిండర్ అద్దె రసీదు కూడా అందులోనే పెట్టండి. బావమరిదిని మాత్రం ఆస్పత్రికి రానివ్వకండి, ఓటీపీ సంగతి అందరి ముందూ చెప్పేస్తాడు.