నేను నెట్‌వర్క్ పటమును

నేనొక విశ్వవిద్యాలయపు కంప్యూటర్ కేంద్రమున నివసించు నెట్‌వర్క్ పటమును. కాగితముపై గీసిన పటమునకు గీసిననాటి వృత్తాంతమే తెలియును. నాకు అయిదు నిమిషముల కొకమారు నూతనజన్మము కలుగును. స్విచ్‌లు, రౌటర్లు, వానిని కలుపు ఫైబరు లైన్లు, ఆ లైన్ల వెంట సాగు సమాచారప్రవాహము, వీని అన్నిటి తాజా స్థితిని రంగులలో ధరించి, బ్రౌజరు తెరచి నన్ను పిలిచిన ప్రతి ఉద్యోగికిని దర్శనమొసగుట నా వృత్తి.

నా వంశము ప్రాచీనము కాకున్నను గౌరవార్హమైనది. 1994లో ఇంగ్లండునందలి లెస్టర్ నగరమున, డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన టోబియాస్ ఓటికర్, ఆ సంస్థను బాహ్యప్రపంచముతో కలుపు 64 కిలోబిట్ల లైను ఒక్కటియే ఉండగా, దానిపై రద్దీ ఎంతయో అందరును చూచుకొనుటకు వీలుగా గ్రాఫులను వెబ్ పేజీపై నిలుపు ఎంఆర్‌టీజీ అను ప్రోగ్రామును రచించెను. 1999లో ఆయనయే వెలువరించిన, లెక్కలను దాచు ఆర్‌ఆర్‌డీటూల్ అను ప్రోగ్రామునందు పాత లెక్కలు సగటులుగా కుదించుకొనిపోవుటచే, ఏండ్లు గడచినను ఫైలు పరిమాణము పెరుగదు. అయితే గ్రాఫు ఒక్క లైను కథనే చెప్పును. లైన్లన్నిటి కథను ఒక్క చిత్రమున చూడగోరినవారు వెదర్‌మ్యాప్ అను నా జాతిని సృష్టించిరి.

నాకు ప్రాణము పోయునది ఎస్‌ఎన్‌ఎంపీ అను ప్రోటోకాల్. పోలర్ అను ప్రోగ్రాము ప్రతి స్విచ్‌ను 161వ పోర్టున పలుకరించి, ఇంతవరకు ఎన్ని బైట్లు వచ్చినవో, ఎన్ని పోయినవో అడుగును. కరెంటు మీటరు చూచువాడు నేటి అంకెనుండి కిందటి అంకెను తీసివేసి వాడకము కట్టునట్లు, ఇదియు రెండు లెక్కల భేదమును నడుమ గడచిన కాలముచే భాగించి వేగమును నిర్ణయించును. స్విచ్‌లో ఈ బైట్లను లెక్కించు 32 బిట్ల కౌంటరు 429 కోట్ల పైచిలుకునకు చేరి మరల సున్నకు వచ్చును. 100 మెగాబిట్ల లైను నిండుగా పారినచో అందులకు ఆరు నిమిషములైనను పట్టదు, గిగాబిట్ లైనునకు అరనిమిషము పైచిలుకే చాలును. కావున వేగము గల లైన్లవద్ద 64 బిట్ల కౌంటరునే అడుగవలెను. లేనిచో నా రంగులు అసత్యము పలుకును.

నన్ను మొదట గీసినవారు ప్రతి స్విచ్‌ను, ప్రతి వైఫై పెట్టెను ఒకే తెరపై పరచిరి. అందు సర్వమును కలదు. కంటికి ఆనునది మాత్రమేదియు లేకుండెను. తరువాత వచ్చిన యువ ఇంజనీరు ఒకామె, చూచువాడు ఏమి తెలిసికొనగోరి వచ్చునో ముందుగా విచారించి, నన్ను అంచెలుగా విభజించెను. మొదటి పటమున బయటి లైన్లు, కోర్ రౌటర్లు, ఒక్కొక్క భవనమునకు ఒక్కొక్క గుర్తు మాత్రమే నిలిచినవి. గుర్తుపై క్లిక్ చేసినచో భవనపు పటము, అందు అంతస్తుపై క్లిక్ చేసినచో ర్యాక్‌లోని స్విచ్‌లు, లైనుపై క్లిక్ చేసినచో దాని గ్రాఫు వచ్చును. క్రింది పటమున ఎచ్చట లోపము కలిగినను పై గుర్తు ఎఱ్ఱబడును. ప్రతి పేరునందును భవనము, అంతస్తు, గది అను వరుస తప్పదు. ప్రతి పటమునందును పై పటమునకు మరలు లింకు ఒకే చోట ఉండును.

ప్రతి లైనును రెండు బాణములుగా చీల్చి, రాకపోకలకు వేర్వేరుగా, నీలము మొదలు ఎరుపు వరకు రద్దీననుసరించి రంగులు పూసిరి. రంగుల భేదము గుర్తింపలేనివారికొఱకు శాతమును అంకెలలోను వ్రాసిరి. ప్రవాహమే లేని లైనును, జవాబే రాని లైనును ఒకే రంగున చూపుట అపచారమని తలచి, రెండవదానికి బూడిదవర్ణము కేటాయించిరి. అన్నిటికంటె ముఖ్యముగా, చివరి లెక్క తీసిన వేళను శిరోభాగమున ముద్రించిరి; ఏలయన, పోలర్ ఆగిపోయినచో నిన్నటి ఆకుపచ్చ నేటికిని నా ముఖమున నిలిచి ఆపదను కప్పిపుచ్చును.

నెట్‌వర్క్ కట్టడమంతయు నాయందు తేటపడుటచే దుర్జనునకును నేను ఉపకరింతును. అందుచేత పాస్‌వర్డ్ లేనిదే నేను కనబడను. ప్రతి విభాగమువారికి తమ పటమే తెరచుకొనును, మార్పుచేయు అధికారము కొందరికే కలదు.

ఒక రాత్రి హాస్టళ్లవైపు స్విచ్‌లన్నియు ఒక్కుమ్మడి జవాబీయకపోయెను. పనిలోనున్న కుర్రవాడు నాయందు లైన్ల వరుసను పైకి చూచి, వాని అన్నిటికిని మూలమైన స్విచ్ ఒక్కటియే నిలిచిపోయినదని గ్రహించి, తిన్నగా ఆ గదికే పోయెను. పటమున చేర్చిన వస్తువుల సంఖ్యనుబట్టి దాని విలువ కట్టువారు ఈ రాత్రిని తలపోయవలెను: అవసరమైనవానికి అవసరమైనదానిని త్వరగా చూపుటకొఱకు తక్కినవానిని వాని వాని అంచెలయందు నిలుపుటయే పటరచన, ఆ క్రమము నాకు కలుగువఱకు నేను గీతల సముదాయమునే గాని పటమును గాను.