కాలింగ్‌బెల్లుకు కళ్లొచ్చాయి

పొద్దున్నే ఐదున్నర. పాలకుర్రాడు బెల్లు నొక్కాడు. నిజాంపేటలో మా ఫ్లాటు టింగుమంది. రాజమండ్రిలో మా అత్తగారి ఫోను టింగుమంది. డాలస్‌లో అప్పటికింకా ముందురోజు సాయంత్రం ఏడు. అక్కడ మావాడి ఫోనూ టింగుమంది. ఎదురు ఫ్లాటాయన ఫోను సంగతి చెప్పక్కర్లేదు, అది గోడకివతలకే వినబడింది. రెండు పాల ప్యాకెట్లకి ఇంతమంది సాక్షులు. తలుపు తీసింది మాత్రం మా ఆవిడ ఒక్కతే. నేనా? నేనూ చూస్తున్నాను. మంచం మీంచి. ఫోన్లో.

దీన్ని స్మార్ట్ డోర్‌బెల్ అంటారు.

వెనకటికి తలుపుకి ఓ చిన్న కంత ఉండేది. లోపలివాడు ఓ కన్ను మూసి, ఇంకో కంటితో బయటివాణ్ణి చూసేవాడు. అప్పులవాడైతే పిల్లాడితో 'నాన్న ఇంట్లో లేడని చెప్పమన్నాడు' అనిపించేవాడు. ఆ కంతకి పాస్‌వర్డ్ లేదు. నెలనెలా చందా లేదు. అప్‌డేట్ అడగలేదు. చూసింది చూసినట్టు మర్చిపోయేది. అంత మర్యాదస్తురాలైన వస్తువుని పీకి పారేసి, ఏం పెట్టుకున్నాం? మర్చిపోవడం అంటే ఏమిటో తెలియని కన్నుని.

పోనీ ఆ కన్నయినా మన దగ్గరే ఉందా? ఇంటిగుట్టు లంకకి చేటన్నారు పెద్దలు. మనం ఇంటిగుట్టుకి ఇన్విటేషన్ లింకు పంపుతున్నాం. పెళ్లికార్డు పంచడానికైనా లిస్టు రాసుకుంటాం కదా? బొట్టు పెట్టి పిలవాల్సినవాళ్లెవరు, ఫోను చేస్తే చాలనుకునేవాళ్లెవరు అని అర్ధరాత్రి దాకా లెక్కలేస్తాం. గడప మీద కన్నుని పంచడానికి ఆ పాటి ఆలోచన లేదు. ఒక నొక్కుడు. అయిపోయింది.

తిరుపతి వెళ్లాం, నాలుగు రోజులు. 'ఇల్లు కాస్త కనిపెట్టుకోండి' అని ఎదురింటాయనకి యాక్సెస్ ఇచ్చాం. వచ్చి ఎనిమిది నెలలైంది. లడ్డూ అయిపోయింది. యాక్సెస్ అయిపోలేదు. మొన్న మా అమ్మాయి రాత్రి పదకొండూ నలభైకి ఆఫీసు నుంచి వచ్చింది. పొద్దున లిఫ్టులో ఆయన నవ్వుతూ 'అమ్మాయికి నైట్ షిఫ్టాండీ?' అన్నాడు. చూడ్డానికి ఒక ప్రశ్నే. విప్పితే లోపల పద్నాలుగున్నాయి. నేనేమన్నాను? 'అవునండీ' అన్నాను. కన్ను ఇచ్చినవాణ్ణి నేనే. చూశాడని ఇప్పుడెవర్ని తిట్టను?

అంతా మన తెలివితక్కువే అనుకోకండి. ఈ బెల్లుల వ్యాపారానికి పెద్దన్నలున్నారు. అమెరికాలో రింగ్ అనే కంపెనీ ఉంది. 2018లో అమెజాన్ దాన్ని కొనేసింది. అదే ఏడాది ఇరుగుపొరుగు కోసమని 'నైబర్స్' అనే యాప్ కూడా వచ్చింది. మీ గుమ్మం ముందు ఎవడు తచ్చాడుతున్నాడో పేటంతటికీ చెప్పుకోండహో అని. అదే ఏడు మయామీలో ఒకాయన కథ బయటికొచ్చింది. తన భాగస్వామితో విడిపోయాడు. బుద్ధిగా పాస్‌వర్డ్ మార్చాడు. పాస్‌వర్డ్ మారింది. పాత మనిషి ఫోన్లో తలుపు మాత్రం కనబడుతూనే ఉంది. మనసులోంచి తీసేసినా యాప్‌లోంచి పోలేదు. తాళం మార్చాక కూడా పాత తాళంచెవి పనిచేస్తే తాళాలబ్బాయిని ఏం చేస్తాం? కొట్టినంత పనిచేస్తాం. కంపెనీకైతే ఫైవ్ స్టార్ ఇస్తాం.

2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే కంపెనీ మీద కేసు పెట్టింది. ఆరోపణేమిటి? ఉద్యోగులు ఖాతాదారుల వీడియోలు చూశారని. ఒక ఉద్యోగైతే ఆడవాళ్ల పడగ్గదుల్లో, స్నానాలగదుల్లో పెట్టుకున్న కెమెరాల వీడియోలు వేలకొద్దీ చూశాడని. తీరిందెంతకి? 58 లక్షల డాలర్లకి. అమెజాన్‌కి అది జరిమానానా, చిల్లరా? అంతకు ముందేడు, 2022లో, ఒక సెనేటర్ గుచ్చిగుచ్చి అడిగితే బయటికొచ్చిన ముచ్చట ఇంకోటి. ఆ ఏడాది సగం గడిచేసరికే పదకొండుసార్లు యజమానిని అడక్కుండా వీడియోలు పోలీసులకిచ్చారట. అత్యవసరమట. మీ ఇంటి గుమ్మం, మీరు కొన్న బెల్లు, మీరు కట్టిన చందా. అడగాల్సినవాళ్లలో మీరొక్కరే లేరు.

2025లో ఇంకో సదుపాయం తెచ్చారు. తప్పిపోయిన కుక్కల్ని వెతకడానికి. ఒక కుక్క తప్పిపోతే చుట్టుపక్కల కెమెరాలన్నీ కూడబలుక్కుని దాని జాడ కనిపెడతాయి. ఎంత దయో! ఎవరు కాదంటారు చెప్పండి, కుక్కపిల్లని వెతకొద్దని? కుక్కని కనిపెట్టగలిగిన కెమెరాకి మనిషి ఆనవాలు తెలీదా అని మాత్రం అడక్కండి. అడిగితే మీరు మూగజీవాల శత్రువు.

ఇంగ్లండులో ఒక డాక్టరమ్మ అడిగింది. పక్కింటాయన బెల్లూ కెమెరాలూ తన రాకపోకల్నే కాదు, మాటల్ని కూడా పట్టేస్తున్నాయని కోర్టుకెక్కింది. 2021 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. దొంగల్ని పట్టుకోవడానికి అంత దూరం మాటలు వినాల్సిన పనేముందంది. గోడలకి చెవులుంటాయని మనం సామెత చెప్పుకుని ఊరుకున్నాం. వాళ్లు ఆ చెవి ఎన్ని అడుగుల దాకా వింటుందో కొలిచారు.

మరి మన దగ్గర చట్టం లేదా? ఎందుకు లేదు! మనకి చట్టాల కరువెప్పుడొచ్చింది? 2017 ఆగస్టులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కూర్చుని, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. ఆరేళ్లకి, 2023లో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దానికి నియమాలు 2025 నవంబరుకి వచ్చాయి. అసలైన బాధ్యతలు అమలుకి ఇంకో పద్దెనిమిది నెలలు. ముహూర్తాలు పెట్టే సిద్ధాంతి కూడా ఇంత సాగదీయడు. తప్పు చేస్తే 250 కోట్ల దాకా జరిమానా అన్నారు. బాబోయ్ అనుకున్నాం. తర్వాత తెలిసింది, తాను కోరిన ప్రభుత్వ సంస్థల్ని దీన్నించి తప్పించే వీలు కేంద్రం తన దగ్గరే పెట్టుకుందని. సొంతానికీ ఇంటి అవసరానికీ వ్యక్తులు వాడుకుంటే ఈ చట్టమే వర్తించదని. న్యాయమే, అత్తగారికి ఫొటో పంపితే కేసేమిటి? కానీ మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో 240 మంది ఉన్నారు. అక్కడ పడేసే క్లిప్పు కూడా 'ఇంటి అవసరమే'నా? ఎవరింటికి?

ఆ గ్రూపు గురించి చెప్పాలి. మధ్యాహ్నం రెండింటికి ఒక క్లిప్పొచ్చింది. 'అనుమానాస్పద వ్యక్తి', పక్కన మూడు ఎర్ర ప్రశ్నార్థకాలు. చూస్తే ఒక కుర్రాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చెమటలు కక్కుతున్నాడు. మాటిమాటికీ ఫోను చూసుకుంటున్నాడు. ఎందుకు కూర్చున్నాడు? మా లిఫ్టు పక్కన బోర్డుంది కనక: 'డెలివరీ బాయ్స్ మెట్లు మాత్రమే వాడవలెను'. ఏడంతస్తులు ఎక్కినవాడు కూర్చోక కూచిపూడి చేస్తాడా? ఎవరి బిర్యానీ మోసుకొచ్చాడో వాళ్లే ఆ క్లిప్పు పెట్టారు. ప్రెసిడెంటుగారు కింద 'గుడ్ విజిలెన్స్' అని బొటనవేలు చూపించారు. ఆ కుర్రాడి మొహం 240 ఫోన్లలో పడింది. వాటిలోంచి ఎన్నిట్లోకి పోయిందో ఆ పెట్టినవాళ్లకీ తెలీదు. వాడికి ఆ క్లిప్పు ఉందనే తెలీదు.

ఇదే ప్రెసిడెంటుగారబ్బాయి సెల్లారులో కారు రివర్సు చేస్తూ రిటైర్డు మేష్టారి స్కూటరు మీదకి ఎక్కించాడు. మేష్టారు ఫుటేజీ అడిగారు. సమాధానం? 'ఆ కెమెరా మెయింటెనెన్స్‌లో ఉందండీ.' ఆ ఒక్కటే. ఆ ఒక్క రోజే. మూడో అంతస్తులో పిల్లాడు చాక్లెట్ కాగితం పారేసింది మాత్రం హెచ్‌డీలో ఉంది.

ఈ రోగం మా సెల్లారుకే ఉందనుకుంటే పొరపాటు. ఉమ్మడి రాష్ట్రంలోనే, 2013లో, చట్టం చేశారు. ఒకేసారి వందమంది పోగయ్యే చోటల్లా కెమెరాలుండాలి, ముప్ఫై రోజుల రికార్డు దాచాలి అని. తర్వాత హైదరాబాదు పోలీసులు కాలనీల చేత కెమెరాలు పెట్టించడానికి ఒక పథకం తెచ్చారు. పేరు 'నేను సైతం'. పాపం శ్రీశ్రీ. విప్లవం కోసం పుట్టిన మాట చివరికి సీసీ కెమెరాల చందాకి పనికొచ్చింది. జనం పెట్టారు. చేతి డబ్బులేసుకుని పెట్టారు. మరి పోలీసులు సైతం పెట్టారా? 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశంలో ప్రతి పోలీసు స్టేషనులో, లాకప్పుల్లో, వరండాల్లో, మాటలు కూడా వినబడేలా కెమెరాలుండాలంది. దాదాపు అయిదేళ్లు గడిచాయి. 2025 సెప్టెంబరులో అదే కోర్టు, స్టేషన్లలో పనిచేసే కెమెరాలు లేవన్న సంగతిని తనంత తానే విచారణకి తీసుకోవాల్సి వచ్చింది. దేనివల్ల? కస్టడీ చావుల గురించి పేపర్లో వచ్చిన వార్త వల్ల. మీ గుమ్మం ముందు చీమ నడిస్తే రాజమండ్రిలో ఫోను మోగుతుంది. లాకప్పులో మనిషి పోతే ఎక్కడా టింగుమనదు. ఏమండీ, చీమకున్నపాటి విలువ లేదా?

పాస్‌వర్డుల వైభోగం కూడా చూడండి. రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి కెమెరాల్లోంచి గర్భిణుల వీడియోలు బయటికెళ్లి అమ్మకానికొచ్చాయి. 2025 ఫిబ్రవరిలో దేశమంతా ఛీ అంది. అక్కడి పాస్‌వర్డు 'అడ్మిన్123' అని తర్వాత పేపర్లు రాశాయి. ఛీ అన్న చేత్తోనే ఒకసారి మీ పాస్‌వర్డు గుర్తు తెచ్చుకోండి. పాప ముద్దుపేరు, పక్కన 123. అంతేగా? నాదీ అంతే.

ఇక మా ఇంటి కథ. మా పనావిడ ఎదురింట్లో కూడా చేస్తుంది. ఆవిడ వచ్చే టైము నిమిషాలతో సహా బెల్లు చెబుతుంది. నిన్న ఎనిమిదీ పది. మొన్న ఎనిమిదీ ఇరవై. ఈ లెక్కన రెండుసార్లు సగంపూట జీతం కోశారు, ఎదురింటివాళ్లు, మా బెల్లు చూసి! అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాం. మా కెమెరాతో ఎదురింటాయన పొదుపు చెయ్యడం ఇప్పుడు చూశాం. ఓ రోజు వాళ్లింట్లో వెండి కుంది కనబడలేదు. అనుమానం ఎవరి మీదకి వెళ్లిందో నేను చెప్పాలా? ఆవిడ ఏడవలేదు. నేరుగా మా గుమ్మంలోకొచ్చి బెల్లు వైపు చెయ్యి చూపింది.

'ఆ డబ్బాలో నేనుంటా కదమ్మా. ఆ రోజు ఉత్త చేతుల్తో పోయాను. తీసి చూడండి.'

తీశాం. లేదు. ఎందుకు లేదు? మా చందా అంతకు వారం ముందే అయిపోయింది. చందా కట్టకపోతే ఎవరొచ్చారో చూపిస్తుందట, దాచి పెట్టదట. ఆవిడ ఆలస్యంగా వచ్చిన రోజులన్నీ ఎదురింటాయన ఫోన్లో స్క్రీన్‌షాట్లుగా పదిలంగా ఉన్నాయి. ఆవిడ నిర్దోషిగా వెళ్లిన ఒక్క సాయంత్రం ఎక్కడా లేదు. మూడో రోజు కుంది దేవుడి అలమార వెనకే దొరికింది. గ్రూపులో 'దొరికింది, థాంక్స్' అని పెట్టారు. ఎవరికి థాంక్స్? దేవుడికేమో. ఆవిడకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆవిడ ఆ గ్రూపులో లేదు కదా. బెల్లులో కనబడేవాళ్లకి బెల్లు చూసే హక్కుండదు, అదీ రూలు. ఆ రూలు ఎక్కడా రాసిలేదు. రాయక్కర్లేదు.

ఆ రాత్రి నాకు రోషం వచ్చింది. లిస్టు శుభ్రం చేద్దామని యాప్ తెరిచాను. సెట్టింగుల్లోకి దిగి, ఇంకా దిగి, చివరికి పట్టుకున్నాను. ఎదురింటాయన్ని తీసేశాను. హాయిగా ఉంది. అత్తగారి పేరు మీద వేలు పెట్టాను. మా ఆవిడ పక్కనుంచి చూసింది. వేలు తీసేశాను. ఆ పైన ఇంకో పేరుంది. చుట్టాల్లో అలాంటి పేరెవరికీ లేదు. పక్కన హోదా: 'ఓనర్'.

అప్పుడు గుర్తొచ్చింది. బెల్లు బిగించడానికి వచ్చిన టెక్నీషియన్. 'సార్, మీ ఫోన్లో నెట్ స్లోగా ఉంది, నా నంబరుతో రిజిస్టర్ చేసేస్తా, తర్వాత మార్చుకోండి' అన్నాడు. సరే బాబూ అన్నాను. బ్యాంకు వాడికి కూడా ఓటీపీ చెప్పనివాణ్ణి, తలుపు ఇచ్చేశాను. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. తొలగించు నొక్కాను. 'ఓనర్‌ను తొలగించే అధికారం మీకు లేదు' అంది. మరి నా హోదా? 'మెంబర్'. నేను ఇంకొకర్ని పిలవచ్చట. ఆయన్ని పంపలేనట. నంబరుకి ఫోను చేశాను. స్విచాఫ్. కంపెనీకి చేశాను. పేరెందుకు లెండి, అన్నిటిదీ అదే సంగీతం. ఇరవై నిమిషాలు వాయించి, 'రిజిస్టరైన నంబరు నుంచి కాల్ చేయగలరు' అని చెప్పి పెట్టేసింది.

పొద్దున బెల్లు మోగింది. ఫోను తీశాను. తెరమీద మా పనావిడ. ఇదివరకులా తలొంచుకుని నిలబడలేదు. నేరుగా కెమెరాలోకి చూసింది.

'ఎనిమిదీ పన్నెండు. రాసుకోండి.'