రెవ్-డి మెయిల్‌కు టీకా తాత్పర్యం

అవతారిక: మూడు స్కూటర్ మోడళ్లు ఒకేసారి డెవలప్‌మెంట్‌లో ఉన్నాయి. మూడింటికీ హెడ్‌ల్యాంప్ బ్రాకెట్ ఒక్కటే. మొదటి మోడల్‌లో కేబుల్ ఒరుసుకుంటోందని తేలగా, దాని డిజైన్ ఇంజనీరు శుక్రవారం సాయంత్రం, కంపెనీ బస్సు హారన్ కొడుతుండగా పలికిన వాక్కు ఇది.

మూలం: బ్రాకెట్ హోల్ 2 మి.మీ. పక్కకి జరిపాం. ఇకనుంచి రెవ్-డి వాడండి. మిగతా ప్రాజెక్టులకీ చెప్పండి.

ప్రతిపదార్థం:
బ్రాకెట్ = మూడు బళ్ల ఉమ్మడి ఆస్తియైన ఇనుపముక్క యొక్క;
హోల్ = బోల్టు దూరవలసిన రంధ్రమును;
2 మి.మీ. = డ్రాయింగులో కంటికి ఆనని, అసెంబ్లీలో సుత్తికి లొంగని దూరము;
పక్కకి = అటాచ్‌మెంటు తెరిచినవారికే తెలియు దిక్కునకు;
జరిపాం = జరిపితిమి (ఈ బహువచనం గౌరవార్థం కాదు, నింద పంచుకొనుటకు);
ఇకనుంచి = ఈ క్షణము మొదలు (పాత సరుకు అయిపోయాక అని పర్చేజ్‌వారి వ్యాఖ్య);
రెవ్-డి = డ్రాయింగు యొక్క నాలుగవ అవతారమును (రివిజన్ డి), నరసింహుని వలె అకస్మాత్తుగా వెలువడినదానిని;
వాడండి = వాడుడు;
మిగతా ప్రాజెక్టులకీ = తమవి కానివాటికిని;
చెప్పండి = ఎవరైనను చెప్పుదురు గాక.

పాఠాంతరం: జిరాక్స్ ప్రతిలో ‘డి’ కాస్తా ‘బి’గా కనబడుతుంది. టూల్ రూమ్ వారు దాన్నే ప్రామాణికంగా గ్రహించారు.

తాత్పర్యం: మా బండికి కుదిరింది, మీ బళ్ల సంగతి మీరు చూసుకోండి.

విశేషాలు: చివరి వాక్యంలో క్రియ ఉంది, కర్త లేడు. మెయిల్ పన్నెండుమందికి వెళ్లింది. తక్కిన పదకొండుమందిలో ఎవరో ఒకరు చెబుతారని ప్రతివారూ నిశ్చింతగా ఉన్నారు. రెండో మోడల్ డై అప్పటికే సప్లయర్ దగ్గర తయారవుతోంది. మూడో మోడల్ వారు సరిగ్గా ఆ పక్కనే హార్నెస్ క్లిప్పు పెట్టుకున్నారు. మార్చినవారికి ఈ రెండూ తెలియవు. కబురు ఇటునుంచి వెళితే చాలదు, అటునుంచీ రావాలి.

పూర్వపక్షం: అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడితే చిక్కు తీరదా?

సమాధానం: ఎయిర్‌బస్ ఏ380 విమానానికి హాంబర్గ్‌లోనూ టూలూజ్‌లోనూ వాడినది కాటియా అనే ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్. కాకపోతే ఒకచోట నాలుగో వెర్షన్, మరోచోట ఐదోది. హాంబర్గ్ నుంచి వచ్చిన భాగాలను టూలూజ్‌లో బిగించబోతే వైర్లు పొట్టివయ్యాయి. 2006లో డెలివరీలు వాయిదా పడి, తొలి విమానం 2007 అక్టోబరుకు గానీ సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి రాలేదు.

సిద్ధాంతం: టయోటాలో మోడల్‌కో చీఫ్ ఇంజనీరు ఉండేవాడు. మోడళ్లు పెరిగేకొద్దీ వాటి మధ్య పొత్తు కుదర్చడం కష్టమైంది. 1992-93లో వెనుక చక్రాల డ్రైవ్ కార్లు ఒక సెంటరు, ముందు చక్రాలవి మరొకటి, వ్యాన్ల వంటివి ఇంకొకటిగా విడదీసి, ఒక్కోదానికి ఒక పెద్దను నియమించారు. కర్తకు పేరు దొరికింది.

ఫలశ్రుతి: ఈ బ్రాకెట్ ఏయే బళ్లలో ఉన్నదో జాబితా తీసి, బండికొక మనిషి పేరు రాసి, ‘మా అసెంబ్లీలో సరిచూశాం’ అని ప్రతివారిచేత సంతకం పెట్టించినవారికి రీవర్కు బాధ తొలగును. ‘ఎఫ్‌వైఐ’ అని ఫార్వర్డ్ చేసి బస్సెక్కినవారికి సోమవారం తొమ్మిదింటికి మీటింగు ప్రాప్తించును.