పది వేళ్ల పాండిత్యం

ఒకప్పుడు చదువు రానివాళ్లు వేలిముద్ర వేసేవారు. ఇప్పుడు చదువు రావడానికి వేస్తున్నారు. పిల్లాడి పది వేళ్లూ స్కానర్ మీద పెట్టిస్తే చాలు. వాడు చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా అన్నది శాతాలతో సహా తేల్చి, రంగురంగుల రిపోర్టు చేతిలో పెడతారు. దీని పేరు డీఎంఐటీ. విప్పి చెబితే డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్. ఇంత పొడుగు పేరున్నది సైన్సు కాకుండా ఎలా పోతుందని అమ్మానాన్నల ధీమా.

చిలకజోస్యం చెప్పేవాడు కూడా ఇలాగే కార్డు తీయించి భవిష్యత్తు చెబుతాడు. కానీ దాన్ని బ్రెయిన్ సైన్స్ అనడు. ఆ మేరకు అతనే నిజాయితీపరుడు. వేలి గీతలు తల్లి కడుపులో ఆరో నెల నిండేలోగా ఏర్పడిపోతాయి, ఆ తర్వాత మారవు. అందుకే పోలీసులూ ఆధార్ వాళ్లూ వాటిని నమ్ముకున్నారు. ఆ గీతలు మనిషెవరో పట్టిస్తాయి. వాడికి త్రికోణమితి ఎలా ఎక్కుతుందో వాటికేం తెలుసు?

రిపోర్టు వచ్చాక ఇంట్లో సందడే సందడి. "మావాడు విజువల్ అండీ" అని తల్లి లిఫ్టులో కనిపించినవాళ్లందరికీ చెబుతుంది. లెక్కల్లో 18 మార్కులేమిట్రా అని తండ్రి నిలదీస్తే, "మా సార్ ఆడిటరీగా చెబుతారు నాన్నా, నేను విజువల్ కదా" అంటాడు వాడు. నాన్న దగ్గర జవాబు లేదు. ఫీజు కట్టింది తనే.

ఈ విజువల్, ఆడిటరీ 'స్టైల్' గొడవను అమెరికాలో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లోనే జల్లెడ పట్టారు. పిల్లాడి స్టైలును బట్టి పాఠం చెబితే ఎక్కువ వస్తుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పిల్లలకు ఇష్టాలుంటాయి, కాదనం. అయినా భారతదేశ పటాన్ని ఏ పిల్లాడైనా చూసే నేర్చుకోవాలి, త్యాగరాజ కీర్తనను వినే నేర్చుకోవాలి, ఈత నీళ్లలో దిగే నేర్చుకోవాలి. స్టైలు పాఠానిది. వేలు ఏం చెప్పినా సరే.

మరి పనిచేసేదేమిటి? 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒకే పాఠాన్ని నాలుగు విడతలూ చదువుతూ కూర్చున్నారు. ఇంకొందరు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత చదువుతూ కూర్చున్నవాళ్లదే పైచేయి: 83 శాతం, రెండోవాళ్లకు 71. వారం తిరిగేసరికి మొదటివాళ్లకు మిగిలింది 40 శాతం, రెండోవాళ్లకు 61.

ఈ పద్ధతికి ఒకటే లోపం. అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. స్కానర్ లేదు, రిపోర్టు లేదు, ఫ్రాంచైజీ లేదు. పైగా పిల్లాడు కాస్త కష్టపడాలి, తప్పులు చెప్పాలి, మళ్లీ వెతుక్కోవాలి.

కాబట్టి అమ్మానాన్నలూ, వాడి వేళ్లను అన్నం కలుపుకోవడానికి వదిలేయండి. భోజనాలయ్యాక సైన్సు పుస్తకం మూయించి, ఇవాళ ఏం చదివావో చెప్పమనండి. వచ్చే వారం మళ్లీ అదే అడగండి. జీఎస్టీ కూడా పడదు.