సర్వంకష: ఒక జాబ్ కార్డుకు టీకా తాత్పర్యము

మూలము: "ఫ్రంట్ బ్రేక్ ప్యాడ్స్ 60% వోర్న్. ఇమ్మీడియట్ రీప్లేస్‌మెంట్ రికమెండెడ్. కస్టమర్ నాట్ అగ్రీడ్."

అవతారిక: నరసరావుపేట నుండి గురజాలకు, గురజాల నుండి మాచర్లకు తిరిగి తిరిగి 36,000 కిలోమీటర్లు నిండిన ఒకానొక కారును దాని యజమాని సర్వీసునకు అప్పగించెను. మెడలో గుర్తింపు కార్డును, చేత ట్యాబును ధరించిన సర్వీస్ అడ్వైజరు, బండి క్రిందికి వంగకయే, చక్రము విప్పింపకయే, పై సూత్రత్రయమును వెలువరించెను. ఋషులు మంత్రములను కల్పింపలేదు, దర్శించిరని పెద్దలందురు. ఈతని విషయమున దర్శనము జరిగినట్లు దాఖలా లేదు గావున, రెండవ పక్షమే మిగులుచున్నది.

ఇట్టి గంభీర వాక్యమునకు వ్యాఖ్య లేకుండుట లోకమునకు లోటు. మల్లినాథసూరి మాఘకావ్యమునకు వ్రాసిన వ్యాఖ్యకు సర్వంకష యని పేరు; అన్నిటిని ఒరయునదని అర్థము. ప్యాడుకు ఇంతకన్న తగిన పేరు దొరకదు గనుక దానిని అరువు తెచ్చుకొంటిమి. భారవికి ఆయన వ్రాసినది ఘంటాపథము, అనగా రాజమార్గము. పల్నాటి రోడ్ల మీద అరిగిన ప్యాడ్లకు ఆ పేరు పెట్టుటకు మనసొప్పలేదు. ఆధారము లేనిది వ్రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన ప్రతిజ్ఞ చేసెను. మొదటి సగమును మేమును పాటింతుము.

టీక: ఫ్రంట్ అనగా ముందు అని వ్రాసి కాగితము పాడుచేయము. 60% అనుచోటనే వ్యాఖ్యాతకు పని. దేనిలో 60? క్రొత్త ప్యాడున అరుగు భాగము మందము 10 మిల్లీమీటర్లనుకొందము. 3 మిల్లీమీటర్లకు దిగినచో మార్చుట సంప్రదాయము. మొత్తము మందమును బట్టి లెక్కించినచో 6 పోయినవి, 4 మిగిలినవి. గడువుకు ఒక్క మిల్లీమీటరే ఉన్నది. వాడుకొనదగిన 7 మిల్లీమీటర్లను బట్టి లెక్కించినచో 4.2 మాత్రమే పోయినవి, 5.8 మిగిలినవి. మొదటి అర్థమున బండి ఇంకను 6,000 కిలోమీటర్లు పోవును. రెండవ అర్థమున 24,000. కావ్యమున ఒకే పదమునకు రెండర్థములు పొసగించుట శ్లేషాలంకారము. బిల్లులో అది ఏ అలంకారమో ఆలంకారికులు చెప్పలేదు. మిల్లీమీటర్లలో చెప్పవయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది! కొలిస్తే కదా చెప్పడానికి.

"ఇమ్మీడియట్" అనుపదము రెండవ సూత్రమునకు ప్రాణము. చాలా ప్యాడ్ల అంచున చిన్న ఉక్కురేకు ఒకటి అమర్చి ఉండును. అరుగు భాగము రెండు మూడు మిల్లీమీటర్లకు దిగగానే ఆ రేకు డిస్కును తాకి కీచుమని అరచును. ఈ కీచు ధ్వని యజమానికి ప్యాడు పంపిన రాయబారము. రాయబారమనగానే పల్నాటి వ్యాఖ్యాతకు కలము ఆగదు. కోడిపోరులో ఓడి ఏడేండ్లు వలసపోయిన మాచర్ల వారు, గడువు తీరిన పిమ్మట తమ రాజ్యభాగము తమకిమ్మని అలరాజును గురజాలకు పంపిరి. అతడు స్వయముగా గురజాల ప్రభువైన నలగామరాజునకు అల్లుడు. తిరుగుదారిలో చర్లగుడిపాడున విషప్రయోగమునకు బలియయ్యెను. ఆపై కారంపూడి చెంత నాగులేటి ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధమును గూర్చి చెప్పనక్కరలేదు. నేటికిని కారంపూడిలో కార్తీక అమావాస్య మొదలుకొని ఐదు నాళ్ళు వీరులకు ఉత్సవము జరుపుదురు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఇచ్చట శంక: కథలో ముందుగా జరిగిన కోడిపోరు ఉత్సవమున నాలుగవ నాటికేల వచ్చినది? సమాధానము: వీరులకు కాలక్రమముతో పని లేదు. శంక మరల: అటులైన రాయబారము రెండవ నాడేల? మందపోరునకు, కల్లిపాడునకు ముందు ఎదుటివానికి ఒక్క అవకాశమిచ్చుట ధర్మము గనుక. కీచు వినబడగానే పాట శబ్దము పెంచుకొని పోవు డ్రైవరు ఉన్నాడే, వాడు చేయునది చర్లగుడిపాటి పనియే. రాయబారి నోరు మూసితినని మురియును. రేకు అరిగి, వెనుకనున్న ఇనుప పలక డిస్కును గీరును. ప్యాడును డిస్కు కన్న మెత్తగా చేసినదే అది చచ్చి డిస్కు బ్రతుకవలెనని. ఇనుముతో ఇనుము పోరుట కల్లిపాడు. అప్పుడు డిస్కులకు, ప్యాడ్లకు కలిపి డబ్బు కట్టవలెను.

ప్రకృతమనుసరింతము. ప్రకృతమేమి? ఆఁ, ఇమ్మీడియట్. రాయబారి రాకమునుపే యుద్ధము ప్రకటించుట అని భావము.

మరి ప్యాడు ఎన్నాళ్ళుండును? 30,000 కిలోమీటర్లకే అరిగినవి కలవు, 70,000 దాటినవియు కలవు. గంటకు 100 వేగము నుండి ఆపుటకు, 50 నుండి ఆపుటకన్న నాలుగు రెట్ల శక్తిని వేడిగా మార్చవలెను. కోటప్పకొండ ఘాట్ రోడ్డు దిగునప్పుడు రెండవ గేరులో దిగువాని ప్యాడు, న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగిలెనని సంతసించువాని ప్యాడు ఒకే ఆయుర్దాయము కలవి కావు. ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణము ప్రకారము అది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు గల మెల్లని వంపు. మన ఊళ్ళ మొదట్లో ఉన్నవి వంపులా? గోడలు. తెల్లగీత ఉండదు, బోర్డు ఉండదు. పక్కన మిర్చి ఆరబోసి ఉంటుంది, ఎదురుగా గేదెలు, వెనక పత్తి ఆటో. బ్రేకు తొక్కక ఏం చేస్తాం? ప్యాడ్ల ఆయుష్షును మా వైపు కిలోమీటర్లలో కాక ఊళ్ళలో కొలవాలి.

మూడవ సూత్రము: "కస్టమర్ నాట్ అగ్రీడ్." యజమాని అన్న మాట "చక్రం విప్పి ఒకసారి చూపించండి" అని మాత్రమే. చూపింపుమనుట నిరాకరణమగునా? మీమాంసకులు విధి, నిషేధము అని వేరువేరుగా చెప్పిరి. ప్రశ్నను నిషేధముగా నమోదు చేయు శాస్త్రము షోరూములయందే పుట్టినది. రేపు ఏ ఎదురు బండికైనా గుద్దుకొన్నచో, తప్పు నీదేనని చెప్పుటకు ఈ సూత్రము దాచి ఉంచబడినది.

1888లో బెర్తా బెంజ్ తన పెనిమిటి చేసిన కారును మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు నడుపుకొనిపోవుచు, చెక్క బ్రేకులు అరిగిపోగా దారిలో చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు కొట్టించెను. ఆమెకు ఎవ్వరును రికమెండ్ చేయలేదు. అరిగినది చూచెను, మార్పించెను.

తాత్పర్యము: ఊళ్ళో మెకానిక్కు చక్రం విప్పాడు. బయటి ప్యాడు చూసి ఊరుకోలేదు. కాలిపర్ పిన్నులు బిగుసుకుంటే లోపలిది ముందు అరుగుతుందని దాన్నీ చూశాడు. "ఐదు పైనే ఉందండీ. రెండు పక్కలా సమానంగానే అరిగాయి. మళ్ళీ సర్వీసుకి చూద్దాం. బ్రేకు ఆయిలు మాత్రం రెండేళ్ళకోసారి మార్పించండి" అన్నాడు. పిన్నులకు గ్రీజు రాసి చక్రం బిగించాడు.

విశేషము: సర్వీసు బిల్లున "బ్రేక్ క్లీనింగ్ అండ్ అడ్జస్ట్‌మెంట్" అని ఒక పంక్తి కలదు. మెకానిక్కు విప్పబోవునప్పటికి చక్రపు నట్ల తుప్పు మీద పానా గీత ఒక్కటియు లేదు. చక్రము విప్పక లోపలి బ్రేకును శుభ్రపరచుట అష్టసిద్ధులలో దేనివలన సాధ్యమో విచారింపగా, అణువంత రూపము దాల్చి లోనికి దూరుట గనుక అణిమయే కావలెనని తోచుచున్నది. దాని మీద 18 శాతము జీఎస్టీ వేసిరి. శేషము స్పష్టము.