నా నీడగడియారం భాగోతం

రిటైరైనవాడు ఇంట్లో కూర్చోవాలి. కూర్చోలేకపోతే గుడికి పోవాలి. నేను రెండూ చెయ్యకుండా, తిరుపతిలో మా కాలనీ పార్కుకు నీడగడియారం పెట్టిస్తానని బయల్దేరాను.

ఈ పురుగు నా బుర్రలో దూరింది అన్నవరంలో. 1943లో పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రిగారు రత్నగిరి మీద కట్టిన నీడగడియారం దగ్గర జనం ఆగి, నీడనూ చేతి వాచీనీ మార్చి మార్చి చూసుకుంటున్నారు. మన ఊరికేం తక్కువ అనిపించింది.

అయితే నాకు గొప్ప ఎక్కువ. రాతితో కట్టేది కాదు, మనిషే ముల్లుగా నిలబడేది కావాలన్నాను. నేలమీద గుడ్డు ఆకారంలో గంటల అంకెలు, నడుమ నెలల గీత. ఏ నెలైతే ఆ గడిలో నిలబడితే మన నీడే టైము చెబుతుంది. పిల్లలకు ఆట, పార్కుకు అందం. ఒక విదేశీ పుస్తకంలో కొలతలతో సహా బొమ్మ దొరికింది. అది లండన్ కోసం వేసిందని కింద చిన్న అక్షరాల్లో ఉంది. చిన్న అక్షరాలు చదివే అలవాటు నాకు లేదు.

గీతలకు మా వీధిలో ముగ్గులు బాగా వేసే అక్కను పిలిచాను. ఆమె కాగితం చూసి, "ఎండాకాలం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు గదన్నా, నీడ కాళ్లకిందే పడతాది. పన్నెండు అంకె అంత దూరంలో పెడితే యాడికని పోతుంది?" అనింది. నేను నవ్వి, "నువ్వు ముగ్గు చూసుకోమ్మా, సైన్సు నేను చూసుకుంటా" అన్నాను.

ఏప్రిల్ చివర్లో, మిట్టమధ్యాహ్నం ప్రారంభోత్సవం. ఒక పిల్లాడిని ఏప్రిల్ గడిలో నిలబెట్టాను. నీడ వాడి చెప్పులు దాటలేదు. పన్నెండు అంకె వాడికి నాలుగడుగుల దూరంలో ఎండలో మెరుస్తోంది. "తాతా, నీ గడియారానికి ముల్లు లేదు" అన్నాడు వాడు. గ్రహగతులంటూ ఏదో గొణిగి, అందరికీ మజ్జిగ పోయించి బయటపడ్డాను.

తర్వాత ఒక లెక్కల మాస్టారు కూర్చోబెట్టి చెప్పారు. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి సూర్యుడు ఇక్కడ సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. నాలుగు మీటర్ల పొడవు గుడ్డుకు లండన్‌లో వెడల్పు మూడు మీటర్ల పైచిలుకు. మనకు 94 సెంటీమీటర్లే. ఏప్రిల్ చివరి గడి పన్నెండు అంకె మీదే పడుతుంది. జూన్‌లోనైతే మనిషి గుడ్డు బయటికొచ్చి నిలబడాలి. అక్క అడిగింది ఇదే, డిగ్రీలు లేకుండా.

ఇంకో దెబ్బ కూడా ఉంది. మన వాచీలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. అన్నవరం దాదాపు ఆ గీత మీదే ఉంది. మనం మూడు డిగ్రీలు పడమరకు ఉన్నాం, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పన్నెండు నిమిషాల తేడా. సూర్యుడి నడక కూడా ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. అందుకే ఫిబ్రవరి రెండో వారంలో నీడ చెప్పే టైముకు 26 నిమిషాలు కలపాలి, నవంబరు మొదట్లో నాలుగు తీసెయ్యాలి.

పాత గీతలు చెరిపి, కొత్త కొలతలతో ఆ అక్కే మళ్లీ గీసింది. నెలవారీ నిమిషాల పట్టిక గోడమీద రాయించాం. ఇప్పుడు పిల్లలు దాని మీద తొక్కుడుబిళ్ల కూడా ఆడుతున్నారు.

మీ బడిలోనో పార్కులోనో ఇలాంటిది గీయించాలనుకుంటే, ముందు మీ ఊరి అక్షాంశం, రేఖాంశం రాసిపెట్టుకుని లెక్క కట్టించండి. గీతలు వేసే మనిషి అడిగిన ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే, రంగు డబ్బా మూత తియ్యకండి.