ఫోను ముట్టని పెద్దమనిషి

స్మార్ట్‌ఫోన్ వాడేవారిలో ఆ సంగతి ఒప్పుకునేవారు, ఒప్పుకోనివారు అని రెండు తెగలుండగా, తెలుగు పట్టణాలలో రెండో తెగకు నాయకత్వం వహించేది సాధారణంగా అరవై దాటి, పింఛను పుచ్చుకుంటూ, ఫోను వల్ల కలిగే అనర్థాలను ఇంటిల్లిపాదికీ రెండు పూటలా బోధించే పెద్దమనిషి. “నేనసలు ఫోను ముట్టను, ఎవరైనా చేస్తే ఎత్తుతాను, అంతే” అన్నది ఆయన నిత్యం చెప్పే మాట. ఆ మాట చెబుతున్న సమయంలో కూడా ఆయన కుడిచేతి చూపుడువేలు అద్దం మీద కిందినుంచి పైకి జరుగుతూనే ఉంటుంది గనుక, ఆయన అబద్ధమాడుతున్నాడని తొందరపడి తీర్పు చెప్పేవారు ఉంటారుగానీ అది అన్యాయం. ఆయన నిజమే చెబుతున్నాడు. కాకపోతే ఆయన లెక్క కట్టే పద్ధతి వేరు.

ఈ రకం మనిషి బడిపంతుళ్లలోనూ బ్యాంకు ఉద్యోగులలోనూ కనిపించే మాట నిజమే అయినా, ఆ లక్షణాలన్నీ నిండుగా వికసించేది ట్రెజరీ శాఖలో ముప్ఫై అయిదేళ్లు బిల్లులు పాసుచేసి దిగినవాడిలోనే. ఆ శాఖలో ప్రాణం పద్దు. పద్దు అంటే ఒక ఖర్చును ఏ శీర్షిక కింద రాయాలో చెప్పే తరగతి. రూపాయి ఎందుకు ఖర్చయిందన్నది అక్కడ ఎవరికీ పట్టదు, ఏ పద్దు కింద ఖర్చయిందన్నదే పడుతుంది. ఒక పద్దులో రాయడానికి వీల్లేనిదాన్ని మరో పద్దులో రాయగలిగినవాడే సమర్థుడు. ఉద్యోగం నుంచి దిగాక ఆయన ఈ విద్యను డబ్బు మీద నుంచి కాలం మీదికి మళ్లించాడు. ఫోనులో ప్రవచనం వింటే అది భక్తి, వార్తలు చదివితే లోకజ్ఞానం, తిథి చూసుకుంటే ఆచారం, ఎవరి మనవరాలి పుట్టినరోజుకో అక్షింతల బొమ్మ పంపితే బాంధవ్యం, కరువు భత్యం బకాయిల జీవో, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, వచ్చిందేమోనని పన్నెండుసార్లు తెరిచి చూస్తే హక్కుల పరిరక్షణ. ఇవన్నీ తీసివేయగా మిగిలేదే ఫోను చూడటం కాబట్టి, అలా మిగిలేది ఏమీ ఉండదు.

ఆయన దినచర్య బ్రహ్మముహూర్తంలో, అంటే సూర్యోదయానికి గంటన్నర ముందు, దిండు కింద చెయ్యి పెట్టడంతో మొదలవుతుంది. ఫోను తీసేది టైము చూసుకోవడానికే. గోడ గడియారం ఎదురుగానే ఉందిగానీ చీకట్లో ముల్లు కనబడదు. టైము చూశాక పక్కనున్న వాట్సాప్ ఆకుపచ్చ గుర్తు మీద అంకె కనిపిస్తుంది, కనిపించాక తెరవకపోవడం పంపినవాళ్లను అవమానించడమవుతుంది. ఆయనకు గ్రూపులు చాలా ఉన్నాయి. గ్రూపు అంటే ఒకరు వేసిన సందేశం సభ్యులందరికీ ఒక్కసారిగా చేరే ఏర్పాటు. కుటుంబం గ్రూపు, 1978 పదో తరగతి మిత్రుల గ్రూపు, పింఛనుదారుల గ్రూపు, కాలనీ సంక్షేమ సంఘం గ్రూపు వీటిలో ముఖ్యమైనవి కాగా, ఏడాదికొక పూట జరిగే కార్తీక వనభోజనాల కోసం ఏర్పడి, వంకాయ కూర ఉప్పు మీద వాదనతో ఏడాది పొడుగునా నడుస్తున్న గ్రూపు మరొకటి ఉంది. వీటన్నిటికీ తెల్లారేలోపు శుభోదయం చేరాలి. అందుకొక శాస్త్రముంది: సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మి, శనివారం వేంకటేశ్వరుడు. బుధవారానికి వినాయకుడా అయ్యప్పా అన్నది గ్రూపును బట్టి మారుతుంది, ఆదివారం మాత్రం దేవుళ్లకు సెలవిచ్చి ఆవిరి కక్కే కాఫీ కప్పును పంపుతారు. వారం తప్పిన దేవుణ్ణి పంపినవాడికి మధ్యాహ్నంలోగా మందలింపు అందుతుంది.

ఈ శుభోదయాల బరువు సామాన్యమైనది కాదు. భారతీయుల ఫోన్లు తరచు నిండిపోయి ఎందుకు మొరాయిస్తున్నాయని గూగుల్ పరిశోధకులు ఆరా తీయగా, పువ్వులూ సూర్యోదయాలూ ముద్రించిన ఈ ఉదయపు బొమ్మలే ఒక ముఖ్య కారణంగా తేలినట్టు 2018 జనవరిలో పత్రికలు రాశాయి. పనికిరాని ఫైళ్లను ఏరి పారేసే యాప్ ఒకటి ఆ సంస్థ అప్పటికే 2017 డిసెంబరులో విడుదల చేసి ఉంది. పెద్దమనిషి ఆ యాప్‌ను వాడడు. దేవుడి పటం చెరిపేయడానికి చెయ్యి రాదు.

ఆయనను అదుపు చేయడానికి కంపెనీలు చేసిన ప్రయత్నాలు కూడా పెద్దగా ఫలించలేదు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు ఫోన్లలో పాకి, దేశంలో పలుచోట్ల అమాయకులను గుంపులు కొట్టి చంపిన దరిమిలా, ఫార్వర్డ్‌లకు, అంటే ఒకరు పంపినదాన్ని చదివో చదవకో మరొకరికి తోసెయ్యడానికి, వాట్సాప్ 2018 జూలైలో భారతదేశంలో ఒకేసారి అయిదు చోట్లకు మించి కుదరదన్న హద్దు పెట్టింది. అప్పటికే చాలా చేతులు మారిన సందేశమైతే ఒకేసారి ఒక్కచోటికే పోతుందని 2020 ఏప్రిల్‌లో మరింత బిగించింది. మిగతావారి మీద ఈ నిబంధనలు ఎంత పనిచేశాయోగానీ, నూట ఇరవై బిల్లులను ఇరవై చొప్పున కట్టలు కట్టి ఆరు విడతలుగా పాసుచేసిన చేతికి అయిదేసి గ్రూపులకు పంపడం కొత్త విద్య కాదు. ఒక్కచోటికే పోతుందన్న బొమ్మను ముందు తన ఫోనులో దాచుకుని, అక్కడినుంచి సొంత బొమ్మలాగా పంపవచ్చని ఆయనే కనిపెట్టి, సంఘం సభ్యులకు నేర్పాడు. దీనివల్ల పది నిమిషాల పని ముప్పావుగంట అయింది. నిబంధన పాటించడానికి పట్టిన కాలం గనుక అది కూడా ఫోను చూడటం కిందికి రాదు.

ఆయన రాత్రులను అర్థం చేసుకోవాలంటే డేటా సంగతి తెలియాలి. 2016 సెప్టెంబరు 5న జియో అనే టెలికాం సంస్థ రంగంలోకి దిగకముందు ఒక జీబీ, అంటే ఫోనుకు చేరే సమాచారాన్ని కొలిచే పెద్ద కొలత, రెండు వందల రూపాయలకు పైనే పలికేది. నెలంతా దాన్నే పొదుపుగా, ఫోటో తెరవాలంటే ఆలోచించుకుంటూ వాడుకునేవారు. ఆ తరువాత ధరలు పడిపోయి, రోజుకు ఒకటి, ఒకటిన్నర, రెండు జీబీల చొప్పున పథకాలు వచ్చాయి. రోజు వాటాలో మిగిలినది మరునాటికి కలవదు, అర్ధరాత్రి పోతుంది. ఈ ఒక్క నియమమే పెద్దమనిషిని మార్చేసింది. మార్చి 31 సాయంత్రంలోగా వాడని బడ్జెట్టు మురిగిపోతుందన్న సిద్ధాంతం ఒంటికి పట్టించుకున్నవాడికి ప్రతి రాత్రీ మార్చి 31 అయి కూర్చుంది. కొడుకు పెట్టించిన వైఫై ఇంటినిండా ఉన్నా, రాత్రి పదింటికి ఫోనులో దాన్ని ఆపేసి మరీ సొంత డేటా వాడటం మొదలుపెడతాడు. తొమ్మిది వందల చిల్లర ఎమ్‌బీలు, అంటే ఒక జీబీకి కాస్త తక్కువ, మిగిలాయని తెలిస్తే నిద్రపట్టదు. దానికి సరిపడా కొండ నాలిక వైద్యమో, అమరావతిలో గజం ధరో, బ్రహ్మంగారు చెప్పినవాటిలో జరగబోయేవో చూసి, వాటా పూర్తయిందన్న సందేశం వచ్చాక తృప్తిగా కళ్లు మూస్తాడు.

యూట్యూబ్ విషయంలో ఆయన వాదన ఇంకా లోతైనది. సాయంత్రం సంధ్య వార్చుకుని భాగవత ప్రవచనం పెట్టుకుంటాడు. అది గంటలో అయిపోతుంది. అయిపోగానే తరువాతి వీడియోను యంత్రమే మొదలుపెడుతుంది, దీన్నే ఆటోప్లే అంటారు. గజేంద్రుడి మోక్షం వెనుక మోకాళ్ల నొప్పులు, వాటి వెనుక పాత ఎన్టీఆర్ పాటలు, ఆ వెనుక మైకులు విరిగేలా అరుచుకునే రాజకీయ చర్చ, ఆ వెనుక కోనసీమలో ఎవరో పనసపొట్టు కూర వండటం వరుసగా వచ్చిపోతాయి. వీటిలో తాను చూసింది ప్రవచనం ఒక్కటేనని ఆయన నిలువునా నమ్ముతాడు, ఎందుకంటే సంకల్పం చెప్పుకున్నది దానికే. మిగిలినవి వాటంతటవి వచ్చాయి. ఇంటికి వచ్చినదాన్ని పొమ్మనడం మర్యాద కాదు. ఇయర్‌ఫోన్లు చెవులకు మంచివి కావని ఆయన పెట్టుకోడు కాబట్టి, ఆ సాయంత్రాల పుణ్యంలో ఇంట్లోవారందరికీ భాగముంటుంది.

వేళ్లతో తెలుగు కొట్టడం చేతగాక ఆయన నోటితో చెప్పి రాయిస్తాడు. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగుకు తెచ్చిన ఈ సదుపాయాన్ని వాయిస్ టైపింగ్ అంటారు. దానికి చెవులున్నాయిగానీ ఎవరి మాట రాయాలో విచక్షణ లేదు. సహోద్యోగి పోయిన కబురు వచ్చిన ఉదయం పింఛనుదారుల గ్రూపులో ఆయన పేరుతో వెలువడిన సంతాపం ఈ విధంగా ఉంది: “వారి పవిత్ర ఆత్మకు శాంతి కలగాలని ఆ భగవంతుణ్ణి ఏవండీ పాలవాడొచ్చాడు గిన్నె పట్టుకెళ్లండి వారి కుటుంబానికి మనోధైర్యం కలగాలని అర లీటరు చాలన్నాను కదా ఓం శాంతి.” కింద నలభై మంది నమస్కారాలు పెట్టారు. ఒక్కరైనా చదివిన ఆనవాలు లేదు.

పెద్దమనిషిని చూసి నవ్వేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. తన వాడకాన్ని తక్కువగా అంచనా వేసుకోవడంలో ఆయన ఒంటరి కాదు. 2015లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో 23 మంది యువతీయువకుల ఫోన్లలో వాడకాన్ని నమోదుచేసే యాప్ పెట్టి రెండు వారాలు గమనించగా, రోజుకు సగటున అయిదు గంటల వాడకం, ఎనభై అయిదుసార్ల దాకా తెరవడం తేలాయి. ఎన్నిసార్లు తెరుస్తున్నారని అడిగితే వారు చెప్పిన అంకె మాత్రం అసలులో సగానికన్నా తక్కువ. తెరిచినవాటిలో సగానికి పైగా అరనిమిషంలో ముగిసేవే కాబట్టి అవి మనసులో నమోదు కావు. ఇరవై ఏళ్లవాళ్లకే తెలియనిది అరవై దాటినవాడికి తెలియకపోవడం వింత కాదు. పైగా ఆయన పద్దుల వాదనలో కొంత సత్యముంది. ఆయన తండ్రి అరుగు మీద పత్రికకు గంట, రేడియోకు రెండు గంటలు, వచ్చేపోయేవారితో లోకాభిరామాయణానికి రెండు గంటలు ఇచ్చేవాడు. దానికి వ్యసనమని పేరు పెట్టినవారు లేరు. ఆ అరుగు, పత్రిక, రేడియో, వచ్చేపోయేవారు ఇప్పుడు ఒకే పలక లోపలికి వెళ్లి కూర్చున్నప్పుడు, పలక పట్టుకున్నవాణ్ణి అనడమెందుకన్నది బలమైన ప్రశ్నే.

అయితే ఒక తేడాను ఆ వాదన దాటవేస్తుంది. పత్రికకు చివరి పేజీ ఉండేది, ఆకాశవాణి రాత్రికి ప్రసారాలు ముగించేది, అరుగు మీది మనిషికి ఆకలి వేసేది. వేలితో ఎంత జరిపినా అడుగు తగలని తెరను 2006లో ఏజా రాస్కిన్ అనే అమెరికన్ రూపొందించాడు. పేజీ మార్చే శ్రమ తప్పించడానికి చేసిన ఆ ఏర్పాటు ఆగే అవకాశాన్ని కూడా తప్పించిందని తరువాత ఆయనే బాధపడ్డాడు. పెద్దమనిషి బాధపడడు. అడుగు లేని పాత్రలు ప్రభుత్వ సర్వీసులో ఆయన చాలా చూశాడు.

వాడకంలోకన్నా ఆయన అసలు ప్రతిభ బోధనలో ఉంది. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరు 2022 ఆగస్టు 15 నుంచి రోజూ సాయంత్రం ఏడింటికి గుడి మీద సైరన్ మోగించి, గంటన్నరసేపు టీవీలు, ఫోన్లు కట్టేయాలని నియమం పెట్టుకుంది. ఆ వార్తను ఆయన ‘ప్రతి ఊరూ ఆదర్శంగా తీసుకోవాలి’ అన్న వ్యాఖ్య జోడించి గ్రూపులన్నిటికీ పంపాడు. పంపింది సాయంత్రం ఏడూ పదికి. చూసినవారి జాబితా ఎనిమిదిన్నర దాకా తెరిచి తెరిచి పరిశీలించి, చూడనివారికి విడివిడిగా మళ్లీ పంపాడు. భోజనాల దగ్గర తొమ్మిదో తరగతి మనవడి చేతిలోంచి ఫోను లాక్కుని, “అన్నం ముందు కూర్చుని ఏమిట్రా అది, అన్నపూర్ణను అవమానించినట్టు” అని గద్దించేదీ ఆయనే. ఆ గద్దింపు మధ్యలో సొంత ఫోను మోగితే ఎడమచేత్తో తీసి, “జీవో కావచ్చు” అని గోడకు చెప్పేదీ ఆయనే. కోడలు మాత్రం “పెరుగు వేసుకోండి మామయ్యగారూ” అనడంతో సరిపెడుతుంది. ఆయన సొంత సమర్థన ఎప్పుడూ జీవన్ ప్రమాణ్: తాను బతికే ఉన్నానని పింఛనుదారుడు ఏటా డిజిటల్‌గా రుజువు చేసుకునే, 2014 నవంబరులో మొదలైన ఏర్పాటు. ఏడాదికి పది నిమిషాల ఆ పని మిగిలిన ఏడాదినంతా మోస్తుంది.

ఈ వ్యవహారం బయటపడేది మనవడు ప్రతీకారానికి దిగిన రోజున. ఫోనులో ఏ యాప్‌ను ఎంతసేపు చూశారో లెక్కగట్టే సదుపాయాన్ని గూగుల్, ఆపిల్ సంస్థలు రెండూ 2018లోనే తెచ్చాయి. ఆ లెక్కనే స్క్రీన్‌టైమ్ అంటారు. కుర్రవాడు దాన్ని తెరిచి, “తాతయ్యా, ఇవాళ ఆరు గంటల నలభై రెండు నిమిషాలు” అని చదివాడు.

పెద్దమనిషి తొణకలేదు. కళ్లజోడు సవరించుకుని, తెల్లకాగితం, స్కేలు తెప్పించుకుని, నిలువు గీతలు కొట్టి వివరణ రాయడం మొదలుపెట్టాడు. మొత్తం 402 నిమిషాలు. అందులో ప్రవచనం 95, భక్తి పద్దు. దాని వెనుక వాటంతటవి వచ్చినవి 110, ఆకస్మిక వ్యయం. బంధుమిత్రుల పరామర్శ 130. వార్తలు 40. పంచాంగం 5. బ్యాంకు, పింఛను వ్యవహారాలు 7. కూడగా 387 తేలి, పదిహేను నిమిషాలు మిగిలాయి. రంగురంగుల మిఠాయి బిళ్లలు పేల్చే ఆట ఒకటి ఆ పదిహేను నిమిషాల ఎదురుగా కనిపించింది.

“ఇది నువ్వు ఆడిందే” అన్నాడు.

“నేను స్కూలుకెళ్లాను కదా తాతయ్యా. పైగా మూడు వందల పన్నెండో లెవెల్లో ఉంది.”

కొంతసేపు ఆలోచించి ఆయన ఆ పదిహేను నిమిషాలను సస్పెన్స్ పద్దులో వేశాడు. ఏ శీర్షిక కిందికి వస్తుందో తేలని మొత్తాలను తేలేదాకా ఉంచే పద్దు అది; అందులో పడినవి కొన్ని ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. సంతకం, తేదీ వేసి, కాగితాన్ని ఫోటో తీసి, ‘నేటి బాలలు, ఫోను వ్యసనం’ అన్న శీర్షికతో అయిదేసి చొప్పున పంపాడు. అందరూ నమస్కారాలు పెట్టారు. పింఛనుదారుల గ్రూపులో ఒక మాజీ సహోద్యోగి మాత్రం నిజంగానే చదివినట్టున్నాడు. ఆ పదిహేను నిమిషాలను ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా సర్దుబాటు చేయకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుందని, అర్ధరాత్రి పన్నెండుకు రెండు నిమిషాల ముందు, మిగిలిన డేటాలోంచి జవాబు పంపాడు.